పని వేరు, వ్యాయామం వేరు: తుంటి నొప్పి, స్త్రీల ఆరోగ్య హక్కు

(ఎన్‌టీఆర్ జిల్లా గంపలగూడెం మండలం పెనుగొలనులో మహిళా సంఘాల కార్యకర్తల సమావేశంలో ఒక ఫిజియోథెరపిస్టు చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు తుంటి నొప్పి గురించి మాట్లాడుకుందామని చెప్పినప్పుడు కొందరు కార్యకర్తలు కొంచెం వింతగా చూశారు. కూలి రేట్లున్నాయి, భూమి పట్టాలున్నాయి, ఇళ్ళల్లో హింస ఉంది, ఇవన్నీ వదిలి తుంటి మీద సమావేశం ఏమిటని వాళ్ళ అనుమానం. న్యాయమైన అనుమానమే. నా జవాబు ఒక్కటే. మన మీటింగులకి రాని ఆడవాళ్ళ లెక్క తీయండి. కొందరు మొగుడు వద్దన్నాడని రారు. కొందరు పని తెమలక రారు. యాభై దాటినవాళ్ళలో కొందరు మాత్రం నడవలేక రారు. నడవలేని మనిషి కూలికి పోలేదు, బ్యాంకుకి పోలేదు, పంచాయతీ ఆఫీసు మెట్లెక్కలేదు, పోలీసు స్టేషనుకి పోయి ఫిర్యాదు ఇవ్వలేదు. చట్టాలు ఎన్ని వచ్చినా వాటిని అందుకోవడానికి ముందు గడప దాటాలి. గడప దాటాలంటే కాలు లేవాలి. ఆ కాలిని లేపేది తుంటి.

మన శరీరం గురించి మనం ప్రశ్నలడగడం ఉద్యమంలో భాగమేనని తెలుగు స్త్రీలు ఎప్పుడో తేల్చి చెప్పారు. 1991లో హైదరాబాదు స్త్రీలు ‘సవాలక్ష సందేహాలు’ పుస్తకం తెచ్చింది అందుకే. కాన్పులు, గర్భసంచీ ఆపరేషన్లు, రక్తహీనత గురించి అప్పటినుంచి మనం కొంతైనా మాట్లాడుకుంటున్నాం. కానీ పిల్లల్ని కనే వయసు దాటిన ఆడమనిషి ఎముకలు, కండలు ఏమవుతున్నాయో మాట్లాడుకునేది తక్కువ. ఆమెతో ఇంటికి ఇంకా పని ఉంటుంది. ఆమె ఆరోగ్యం మీద మాత్రం ఎవరికీ ధ్యాస ఉండదు.

నొప్పి ఒక చోట, జబ్బు ఒక చోట

ముందుగా తుంటి అంటే ఎక్కడో సరిగ్గా తెలుసుకుందాం. నడుం కింద పక్కన చెయ్యి పెట్టి చాలామంది ‘ఇదే తుంటి’ అంటారు. అసలు కీలు అక్కడ లేదు, ఇంకా లోపల గజ్జల్లో ఉంది. తొడ ఎముక పై కొన బంతిలా ఉంటుంది. కటి ఎముకలో చిన్న గిన్నె లాంటి గుంట ఉంటుంది. ఆ గిన్నెలో ఈ బంతి తిరుగుతుంది. రెండింటి మీదా నున్నటి మృదులాస్థి పొర ఉంటుంది. ఆ పొర అరిగి గరుకెక్కి, చుట్టూ ఎముక మొటిమలు కట్టి, కీలు బిగుసుకుపోవడాన్నే తుంటి కీలు అరుగుదల అంటాం.

కీలు లోపల ఉంది కనుక నొప్పి ముందువైపు గజ్జల్లో వస్తుంది. తొడ ముందు భాగంలోకి దిగుతుంది. ఒక్కోసారి మోకాలి దాకా పాకుతుంది. ఇక్కడే మోసం జరుగుతుంది. మోకాలు నొప్పని పోతే మోకాలికే ఎక్స్‌రే తీస్తారు. అందులో ఏమీ కనిపించదు. ‘ఏమీ లేదమ్మా, వయసు, గాలి చేరింది’ అని మాత్రలిచ్చి పంపిస్తారు. మన దేశంలో మోకాలి అరుగుదలతో పోలిస్తే తుంటి అరుగుదల తక్కువ. అందుకే దాన్ని పట్టుకునే చూపు కూడా తక్కువ.

ఊళ్ళో తిరిగే మీరు ఈ గుర్తులు గమనించండి. బాసింపట్టు వేసుకుని కూర్చోలేదు. కాలి గోళ్ళు తీసుకోలేదు. మెట్టె సర్దుకోవడానికి వంగి కాలు అందుకోలేదు. గొంతుక్కూర్చుని లేవలేదు కనుక దొడ్డికి పోవడమంటే భయం, దాంతో నీళ్ళు తాగడమూ తగ్గిస్తుంది. కూర్చుని లేచిన మొదటి నాలుగడుగులూ పట్టేసినట్టుంటాయి, తర్వాత కొంచెం సడలుతుంది. నడిచేటప్పుడు ఒక పక్కకి ఊగుతుంది. ఇవన్నీ కలిసి కనిపిస్తే మోకాలు ఒక్కటే చూసి వదిలేయవద్దని, తుంటి కూడా పరీక్షించమని డాక్టరుని అడగాలి. అలా అడగడం మర్యాద తప్పడం కాదు.

ఒక తేడా చెప్పాలి. నొప్పి గజ్జల్లో కాకుండా తుంటి పక్క ఎముక మీదే ఉండి, ఆ పక్కకి తిరిగి పడుకుంటే ఎక్కువైతే, అది చాలాసార్లు కీలు జబ్బు కాదు. ఎముకకి అంటుకునే కండరాల నరం లాంటి పట్టీలు నలగడం వల్ల వస్తుంది. దానికీ వ్యాయామమే మందు, కానీ చేసే పద్ధతి కొంత వేరు.

అరిగింది కీలు, నీరసించింది కండ

ఇక ఈ రోజు అసలు విషయానికి వస్తాను. తుంటి అరిగిందని చెప్పగానే అందరి చూపూ ఎముక మీదే ఉంటుంది. ఎక్స్‌రే ఎముకని చూపిస్తుంది గాని కండని చూపించదు. తుంటి అరిగినవాళ్ళలో ఆ కీలు చుట్టూ ఉన్న కండరాలు బాగా బలహీనపడతాయని, సన్నబడతాయని పరిశోధనల్లో తేలింది. పిరుదు కండరాలు, కాలిని పక్కకి ఎత్తే కండరాలు, తొడని పైకి లేపే కండరాలు, చివరికి మోకాలిని నిలబెట్టే తొడ ముందు కండ కూడా తగ్గుతుంది.

ఇది ఎలా జరుగుతుందో చూడండి. నొప్పి ఉన్న కాలి మీద బరువు వేయకుండా మనిషి తప్పించుకుంటుంది. నొప్పి వల్ల ఆ కండకి మెదడు నుంచి అందే ఆజ్ఞ కూడా తగ్గుతుంది. వాడని కండ కరుగుతుంది. కండ కరిగితే కీలుకి ఆసరా పోతుంది. ఆసరా పోతే నొప్పి పెరుగుతుంది. నొప్పి పెరిగితే నడక ఇంకా తగ్గుతుంది. ఇదొక గానుగ. అందులో పడ్డ మనిషి తిరిగిన చోటే తిరుగుతూ ఏటికేడు కుంగిపోతుంది.

కండ బలం ఎందుకంత ముఖ్యమో కావడితో చెబుతాను. కావడి బద్దని సరిగ్గా మధ్యలో కాకుండా ఒక కొస దగ్గర భుజాన పెట్టుకున్నారనుకోండి. పొడుగు కొసన చిన్న బరువు ఉన్నా, పొట్టి కొసని చాలా బలంగా లాగి పట్టుకోవాలి. ఒంటికాలి మీద నిలబడినప్పుడు తుంటిలో జరిగేది ఇదే. ఒంటి బరువు పొడుగు కొసన వేలాడుతుంది. పిరుదు పక్క కండరం పొట్టి కొసన ఉండి లాగిపట్టాలి. ఒంటి బరువు, కండ లాగుడు రెండూ కలిసి కీలు మీద పడే భారం మన బరువుకి దాదాపు రెండున్నర నుంచి మూడు రెట్లు. యాభై కిలోల మనిషి తుంటి మీద నూట ఇరవై అయిదు నుంచి నూట యాభై కిలోలన్నమాట. నడకంటే ఏమిటి? ఒక కాలి తర్వాత ఒక కాలి మీద ఒంటిగా నిలబడడమే. అడుగడుగునా ఆ కండ ఈ పని చేయాలి.

అది చేయలేకపోతే ఏమవుతుంది? 1895లో ట్రెండెలెన్‌బర్గ్ అనే జర్మన్ డాక్టరు వివరించిన పరీక్ష ఇప్పటికీ ఉపయోగమే. దానికి యంత్రం అక్కర్లేదు. మనిషిని గోడకి చెయ్యి ఆనించి నొప్పి కాలి మీద ఒంటిగా నిలబడమనండి. వెనక నుంచి చూడండి. కండ గట్టిగా ఉంటే నడుం రెండు వైపులా సమంగా ఉంటుంది. బలహీనంగా ఉంటే ఎత్తిన కాలి వైపు నడుం కిందికి జారుతుంది, లేదా మనిషి నొప్పి వైపు ఒరిగిపోతుంది. ఈ బలహీనత అరుగుదల ఒక్కదానివల్లే వస్తుందని కాదు. కానీ దీన్ని కనిపెడితే మనం ఏదో ఒకటి చేయడానికి వీలుంటుంది.

నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఇది. అరిగిన మృదులాస్థిని తిరిగి మొలిపించే మందు ఇంతవరకు లేదు. కరిగిన కండని మాత్రం తిరిగి పెంచుకోవచ్చు. ఏ వయసులోనైనా పెంచుకోవచ్చు. 1990లో అమెరికాలోని బోస్టన్ దగ్గర ఒక వృద్ధాశ్రమంలో తొంభై ఏళ్ళ వయసున్న పది మందితో ఎనిమిది వారాలు బరువులెత్తే వ్యాయామం చేయించారు. పూర్తి చేసిన తొమ్మిది మందిలో కాలి బలం సగటున 174 శాతం పెరిగింది. తొంభై ఏళ్ళకి పెరిగిన కండ యాభై ఏళ్ళకి, అరవై ఏళ్ళకి పెరగదా?

‘రెక్కలు ముక్కలు చేసుకుంటున్నా, ఇంకా వ్యాయామమా?’

ఈ మాట ఏ ఊరు వెళ్ళినా వినిపిస్తుంది. తెల్లారకముందే లేచి ఊడ్చి, అలికి, వండి, పొలానికి పోయి, మిరపకాయలు కోసి, పత్తి తీసి, సాయంత్రం వచ్చి మళ్ళీ పొయ్యి దగ్గర కూర్చునే మనిషికి వ్యాయామం చేయమని చెబితే కోపం రాదా? వస్తుంది. రావాలి కూడా. అది పొలం ముఖం చూడని వాళ్ళు చెప్పే మాటలా ఉంటుంది.

కానీ పని వేరు, వ్యాయామం వేరు. పని మన ఒంటి నుంచి తీసుకుంటుంది. వ్యాయామం ఒంటికి ఇస్తుంది. కలుపు తీసేటప్పుడు, నాటు వేసేటప్పుడు నడుం వంచి గంటల తరబడి ఒకే భంగిమలో ఉంటాం. మిరప తోటలో గొంతుక్కూర్చుని జరుగుతూ పోతాం. కొన్ని కండలు బిగుసుకుపోయి ఉంటాయి, కొన్ని కండలకి పనే ఉండదు. కాలిని పక్కకి ఎత్తే పని, వెనక్కి గట్టిగా తన్నిపట్టే పని రోజంతా కష్టపడినా పెద్దగా ఉండదు. పనిలో విశ్రాంతి ఎప్పుడో మేస్త్రి నిర్ణయిస్తాడు. బరువు ఎంతో యజమాని నిర్ణయిస్తాడు. నొప్పి పుట్టినా ఆపడానికి లేదు. వ్యాయామంలో ఏ కండకి ఎంత పని, ఎంత విశ్రాంతి అన్నది మనమే నిర్ణయిస్తాం. నొప్పి చూసుకుని తగ్గిస్తాం, బలం చూసుకుని పెంచుతాం. తేడా అంతా అక్కడుంది.

పొలం పని తుంటిని కాపాడకపోగా అరగదీస్తుందనడానికి రుజువుంది. 1992లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక పరిశోధన వచ్చింది. పదేళ్ళకి పైగా వ్యవసాయం చేసినవాళ్ళలో తుంటి అరుగుదల, కూర్చుని పని చేసే వాళ్ళకన్నా దాదాపు తొమ్మిది రెట్లు ఎక్కువని తేల్చింది. తుంటి అరుగుదల రైతుల వృత్తి వ్యాధేనని దాని సారాంశం. అయితే ఇందులో మనం గమనించవలసిన సంగతి ఇంకొకటుంది. వాళ్ళు పరీక్షించింది మగ రైతులనే. నాట్లు, కలుపు, కోత, మోత చేసే స్త్రీ ఆ లెక్కలోకే రాలేదు. కష్టం లెక్కలోకి రాని మనిషికి నొప్పి మాత్రం లెక్కలోకి వస్తుందా?

ఏం చేయాలి, ఎలా చేయాలి

ఇప్పుడు చెప్పేవి ఇంట్లో చేసుకోవచ్చు. డబ్బు ఖర్చు లేదు. చేయవలసింది చాప మీద గాని, గట్టి బల్ల మీద గాని, కుర్చీ దగ్గర గాని. నులక మంచం మీద వద్దు, అది కుంగిపోతుంది. చాప మీదకి దిగి లేవలేనివాళ్ళు బల్ల మీదే చేయాలి.

మొదటిది. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి, పాదాలు నేలకి ఆనించి, పిరుదులు బిగించి నడుం పైకి లేపాలి. అయిదు లెక్కపెట్టే దాకా ఉంచి మెల్లగా దించాలి. ఊపిరి బిగబట్టకూడదు.

రెండోది. ద్వారబంధమో గుంజో పట్టుకుని నిటారుగా నిలబడి, కాలిని నెమ్మదిగా పక్కకి ఎత్తాలి. మనిషి పక్కకి ఒరగకూడదు, పాదం ముందుకే చూస్తూ ఉండాలి. జానెడు లేచినా చాలు. రెండు కాళ్ళతోనూ చేయాలి. నిలబడ్డ కాలి కండ కూడా అప్పుడు పని చేస్తూనే ఉంటుంది.

మూడోది. అలాగే పట్టుకుని, నడుం ముందుకి వంచకుండా, కాలిని వెనక్కి ఎత్తాలి.

నాలుగోది. కుర్చీ మీద నుంచో ఎత్తరుగు మీద నుంచో లేచి నిలబడి, మళ్ళీ నెమ్మదిగా కూర్చోవాలి. మొదట చేతులు ఆనించుకోవచ్చు. బలం వచ్చాక చేతులు కట్టుకుని లేవాలి. ధబ్బున కూలబడకూడదు. నెమ్మదిగా దిగడంలోనే కండకి సగం పని ఉంది.

అయిదోది. మెట్ల వరసలో కింది మెట్టు మీదికి ఒక కాలితో ఎక్కి, అదే కాలితో నిదానంగా దిగాలి. పక్కన గోడ పట్టుకోవాలి.

ఆరోది. గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడి, నడుం రెండు వైపులా సమంగా ఉండేలా చూసుకోవాలి. పది లెక్కతో మొదలుపెట్టి ముప్పై దాకా పెంచాలి.

మొదటి అయిదూ ఒక్కొక్కటి ఎనిమిది నుంచి పన్నెండు సార్లు, అలాంటివి రెండు మూడు విడతలు. వారానికి రెండు మూడు రోజులు, రోజు విడిచి రోజు. తేలికైపోయాక అక్కడే ఆగిపోకూడదు. అరకిలో ఇసుక సంచి చీలమండకి కట్టుకోండి, లేదా పాత సైకిలు ట్యూబు ముక్క రెండు కాళ్ళకి చుట్టి లాగండి. కండ తనకి అలవాటైన బరువుతో పెరగదు, కొంచెం ఎక్కువ అడిగితేనే పెరుగుతుంది. మిగతా రోజుల్లో ఓపికున్నంత దూరం నడవండి. ఫలితం వారంలో కనిపించదు. ఆరు వారాల నుంచి మూడు నెలలు పట్టుకోవాలి.

నొప్పి వస్తే ఏం చేయాలన్నది అందరూ అడిగే ప్రశ్న. నొప్పికి పదికి ఇన్ని అని మార్కులేసుకోండి. చేసేటప్పుడు నాలుగైదు దాకా పెరిగినా భయపడనక్కర్లేదు. మర్నాటికల్లా మామూలు స్థాయికి రావాలి. రాకపోతే లెక్క తగ్గించండి గాని మానేయవద్దు. కాస్త నొప్పి పుడితే కీలు ఇంకా అరిగిపోతుందనుకోవడం పొరపాటు.

రోజువారీ పనిలో రెండు సంగతులు గుర్తు పెట్టుకోండి. చేతికర్ర నొప్పి ఉన్న వైపు పట్టుకోకూడదు. రెండో చేత్తో పట్టుకోవాలి. కుడి తుంటి నొప్పైతే కర్ర ఎడమ చేతిలో ఉండాలి. అప్పుడే కావడి పొడుగు కొసకి ఆసరా దొరికి కుడి తుంటి మీద భారం తగ్గుతుంది. 1956లోనే బ్లౌంట్ అనే అమెరికన్ డాక్టరు ‘కర్రని పారేయవద్దు’ అని వ్యాసం రాశాడు. కర్ర పట్టుకుంటే ముసలిదాన్నయ్యానని సిగ్గుపడేవాళ్ళకి ఈ మాట చెప్పండి. ఇక బిందె సంగతి దీనికి తారుమారు. తప్పనిసరిగా మోయవలసి వస్తే నొప్పి ఉన్న వైపే పెట్టుకోవాలి. రెండో వైపు పెట్టుకుంటే పొడుగు కొసన బరువు చేరి తుంటి మీద భారం బాగా పెరుగుతుంది. అన్నిటికన్నా మంచిది ఆ బిందె ఇంట్లో మగవాళ్ళు తేవడం. బిందె మోయడానికి ఆడదాని తుంటి తప్ప వేరే చోటు లేదని ఏ శాస్త్రంలోనూ లేదు.

కూర్చోవడానికి పీట బదులు ఎత్తు స్టూలు, కత్తిపీట బదులు బల్ల మీద చాకు, మరుగుదొడ్లో కమోడు కుర్చీ, కలుపుకి పొడుగు పిడి పనిముట్టు, ఇవన్నీ చిన్న మార్పులే. ఈ ఖర్చు దగ్గరికి వచ్చేసరికి ఇంట్లో ‘చూద్దాంలే’ అంటారు. ఆ ‘చూద్దాం’ దగ్గరే సంఘం కలగజేసుకోవాలి.

వ్యాయామం చేయగలిగింది, చేయలేనిది

వ్యాయామం సర్వరోగ నివారిణి అని చెబితే అది ఇంకో రకం మోసం. తుంటి అరుగుదలకి వ్యాయామం మీద జరిగిన పది పరీక్షలను 2014లో కోక్రేన్ సంస్థ సమీక్షించింది. నొప్పి కొంత తగ్గుతుందని, పనులు చేసుకునే శక్తి కొంత పెరుగుతుందని, మానేసిన తర్వాత కూడా కొన్ని నెలలు మేలు నిలుస్తుందని చెప్పింది. ఆ మేలు పెద్దదని చెప్పలేదు. అదే ఏడాది ఆస్ట్రేలియాలో 102 మందితో జరిగిన ఒక పరీక్షలో, వ్యాయామం, చేతి చికిత్స కలిపి ఇచ్చినవాళ్ళకి, ఉత్తుత్తి చికిత్స పొందినవాళ్ళకన్నా అదనపు మేలు కనిపించలేదు. ఇవన్నీ చూసుకున్న తర్వాత కూడా బ్రిటన్ జాతీయ మార్గదర్శకాలు 2022లో కీళ్ళ అరుగుదల ఉన్న ప్రతివాళ్ళకీ ముందుగా వ్యాయామాన్నే సూచించాయి. ఎందుకంటే నొప్పి మాత్రలు చేసే మేలు కూడా పెద్దదేమీ కాదు, అవి చేసే కీడు మాత్రం పెద్దది. ఏళ్ళ తరబడి మింగే డైక్లోఫెనాక్ లాంటివి కడుపులో పుండు చేస్తాయి, మూత్రపిండాలను దెబ్బ తీస్తాయి. పేరూ ఊరూ లేని పొడుల్లో, మాత్రల్లో స్టెరాయిడ్ కలిపి ఉండొచ్చు. స్టెరాయిడ్ ఎక్కువ కాలం వాడితే తుంటి బంతికి రక్తం అందక ఎముకే చచ్చుబడే ప్రమాదముంది. నొప్పి తగ్గించుకోబోయి కీలునే పోగొట్టుకోవడమన్నమాట.

కొన్ని సందర్భాల్లో వ్యాయామం గురించి ఆలోచించకుండా వెంటనే ఆసుపత్రికి పంపాలి. పడ్డ తర్వాత కాలు మోపలేకపోతే. జ్వరంతో తుంటి నొప్పి వస్తే. రాత్రీ పగలూ విడవని నొప్పితో పాటు మనిషి చిక్కిపోతుంటే. చిన్న వయసులోనే గజ్జల్లో నొప్పి మొదలైతే, ముఖ్యంగా స్టెరాయిడ్ వాడినవాళ్ళకి, సికిల్ సెల్ జబ్బు ఉన్నవాళ్ళకి. కాళ్ళు తిమ్మిరెక్కి మూత్రం మీద పట్టు తప్పితే.

కీలు పూర్తిగా పాడైపోయి, నొప్పితో నిద్ర లేనివాళ్ళకి కీలు మార్పిడి ఆపరేషన్ మంచి దారి. 1962లో ఇంగ్లండులో చార్న్‌లీ అనే డాక్టరు దాన్ని ఒక దారికి తెచ్చాడు. అప్పటినుంచి లక్షలమంది దానివల్ల నడుస్తున్నారు. అయితే ఆపరేషన్ కీలునే మారుస్తుంది, కండని మార్చదు. ముందూ వెనకా వ్యాయామం లేకపోతే కొత్త కీలుతో కూడా పాత కుంటే మిగులుతుంది. ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు లోపల పెట్టిన కీలు కంపెనీ, నంబరు ఉన్న చీటీ తప్పకుండా అడిగి తీసుకోవాలి. 2010లో ఒక పెద్ద కంపెనీ లోపమున్న తుంటి కీళ్ళను ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. మన దేశంలో కూడా వేల మందికి వాటిని పెట్టారు. నష్టపరిహారం అడగాలన్నా ఆ చీటీయే ఆధారం.

మనం ఏమడగాలి

డెన్మార్కులో 2013లో ‘గ్లాడ్’ అనే కార్యక్రమం మొదలైంది. తుంటి, మోకాలి అరుగుదల ఉన్నవాళ్ళకి ముందు జబ్బు గురించి పాఠాలు చెబుతారు. తర్వాత వారానికి రెండు చొప్పున పన్నెండు సార్లు దగ్గరుండి వ్యాయామం చేయిస్తారు. ఇప్పుడది చాలా దేశాలకి పాకింది. అందులో పెద్ద యంత్రాలేవీ లేవు. కుర్చీ, మెట్టు, చాప, రబ్బరు పట్టీ, నేర్పే మనిషి. పెనుగొలనులో లేనిది ఆ చివరిదొక్కటే.

ఆ మనిషిని ఇవ్వవలసిన బాధ్యత ప్రభుత్వానిది. 2010-11లో మొదలైన వృద్ధుల ఆరోగ్య సంరక్షణ జాతీయ కార్యక్రమం మార్గదర్శకాల ప్రకారం ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వారానికొకసారి, సామాజిక ఆరోగ్య కేంద్రంలో వారానికి రెండుసార్లు వృద్ధుల క్లినిక్ నడవాలి. సామాజిక ఆరోగ్య కేంద్రం స్థాయిలో ఫిజియోథెరపీ అందాలి. మంచం పట్టినవాళ్ళ ఇంటికి పునరావాస కార్యకర్త వెళ్ళాలి. ఇది కాగితం మీద ఉన్న మాట. మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఆ క్లినిక్ ఏ రోజు నడుస్తోంది? తిరువూరు ప్రభుత్వ ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు పోస్టు ఉందా, భర్తీ అయిందా? 2005 సమాచార హక్కు చట్టం కింద ఈ రెండు ప్రశ్నలూ ఒకే కాగితం మీద అడగవచ్చు. ఈ సమావేశం నుంచి లేవకముందే ఆ దరఖాస్తు రాసుకుందాం.

2007 వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ఇరవయ్యో సెక్షన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో వృద్ధులకి వేరే వరస ఉండాలంటుంది. తుంటి నొప్పితో గంటలు నిలబడలేని మనిషికి ఇదేమీ చిన్న హక్కు కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద నడక వైకల్యం నలభై శాతం గాని అంతకన్నా ఎక్కువ గాని ఉంటే సదరం సర్టిఫికెట్ అడగవచ్చు. 2024 జూలై నుంచి మన రాష్ట్రంలో వృద్ధాప్య పింఛను 4,000 రూపాయలైతే, వికలాంగుల పింఛను 6,000. ఆపరేషన్ అవసరమన్నప్పుడు డాక్టర్ ఎన్‌టీఆర్ వైద్య సేవలో ఏది వర్తిస్తుందో ఆసుపత్రి హెల్ప్ డెస్కులో అడిగి తెలుసుకున్నాకే అప్పు మాట ఆలోచించండి. డబ్బు లేదన్న సాకుతో వైద్యం అందించే బాధ్యత నుంచి ప్రభుత్వం తప్పుకోకూడదని 1996లోనే సుప్రీం కోర్టు చెప్పింది. ఆ కేసు వేసింది పశ్చిమ బెంగాల్ వ్యవసాయ కూలీల సంఘం. మనలాంటి సంఘమే.

ఇంకొక పెద్ద డిమాండు ఉంది. పదేళ్ళు పొలం పని చేసినవాళ్ళకి వచ్చే తుంటి అరుగుదలని బ్రిటన్ 2005లో వృత్తి వ్యాధుల పట్టికలో చేర్చింది. అక్కడి వ్యవసాయ కూలీ దాని మీద పరిహారం అడగవచ్చు. మన దేశపు వృత్తి వ్యాధుల పట్టికలో సీసం, పాదరసం, రాతి ధూళి ఉన్నాయి గాని, పొలంలో అరిగిన తుంటికి చోటు లేదు. ఈ పోరాటం ఒక్క రోజులో తేలేది కాదు. కానీ కూలి రేటు గురించి మాట్లాడే ప్రతి సభలోనూ ఈ మాట ఒకసారి వినిపించాలి.

ప్రభుత్వం ఇచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. పొదుపు సంఘం వారం వారం కూర్చుంటుంది కదా, ఆ కూర్చునే ముందు ఇరవై నిమిషాలు ఈ ఆరు వ్యాయామాలు కలిసి చేయండి. ఒక్కతే చేస్తే ఇంట్లో నవ్వుతారు. పది మంది చేస్తే నవ్వేవాళ్ళుండరు. రానివాళ్ళ ఇంటికి ఇద్దరు వెళ్ళండి. ఎవరెవరికి ఎప్పటినుంచి నొప్పి, ఏ పని చేసేవాళ్ళు, ఏ మందులు మింగుతున్నారు అని ఒక నోటుపుస్తకంలో రాయండి. మూడు నెలల తర్వాత కుర్చీలోంచి అర నిమిషంలో ఎన్నిసార్లు లేవగలుగుతున్నారో మొదటి రోజు లెక్కతో పోల్చండి. ఆ పుస్తకం రేపు అధికారి ముందు పెట్టడానికి మన దగ్గరున్న సాక్ష్యం అవుతుంది. మగ రైతుల లెక్క ఇంగ్లండు వాళ్ళు రాశారు. మన లెక్క మనమే రాసుకోవాలి.

ఆడదానికి రోజులో తనకోసం ఇరవై నిమిషాలు దొరకకపోవడం వైద్య సమస్య కాదు. ఆ ఇరవై నిమిషాలు ఇంట్లో అడగండి. అడిగితే ఇవ్వకపోతే తీసుకోండి. ఇప్పుడు అందరూ లేచి, పక్కనున్న కుర్చీ పట్టుకోండి. మొదటి వ్యాయామం చాప మీద చేసేది కనుక అది ఇంటి దగ్గర. రెండోదానితో ఇక్కడే మొదలుపెడదాం.